పద్నాలుగో గింజ

మా అన్న మల్లికార్జున తొమ్మిదేళ్లుగా మంచం మీద నుంచే కథలు రాస్తున్నాడు. వేరుశెనక్కాయ లోడు మీద నుంచి పడి మెడ విరిగింది. మెడ కింద ఏదీ కదలదు. గొంతు కూడా సన్నబడిపోయింది. మాట్లాడితే రాసుకునే ఫోను కొనిచ్చాను గానీ, ఆ గొంతు ఫోనుకు అందలేదు. అమ్మకు అందుతుంది.

ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పగలంతా ఊరి సచివాలయంలో డ్యూటీ. అమ్మకు అక్షరం రాదు. అందుకని వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. అమ్మ మంచం పక్కన కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తుంది. అన్న ఒక వాక్యం చెబుతాడు. అమ్మ దాన్ని రెండుసార్లు తిరిగి చెప్పి, ఒక గింజ స్టీలు గిన్నెలో వేస్తుంది. సాయంత్రం నేను రాగానే ఒక్కో గింజ తీస్తూ ఒక్కో వాక్యం అప్పజెబుతుంది. నేను రాస్తాను. ఇంతవరకు గింజ మిగిలింది లేదు.

ఇన్నాళ్లూ అన్న గొర్రెల కాపర్ల మీద, ఎండిన బోర్ల మీద రాశాడు. తన మంచం గురించి రాయడం ఇదే మొదలు. మొన్న బుధవారం సాయంత్రం ఆరు లోపల ఆ కథ పత్రికకు పంపాల్సి ఉండింది.

ఆ సాయంత్రం పదమూడు వాక్యాలు అప్పజెప్పి అమ్మ చేట దగ్గరికి లాక్కుంది.

"అంతే మే హేమా. అయిపోయింది."

గిన్నెలో ఇంకో గింజ ఉంది.

"మరి ఇదేందమ్మా?"

"చెయ్యి తప్పి పడింటాది."

మా అమ్మది తప్పే చెయ్యి కాదు. అన్న వైపు తిరిగాను. "నువ్వే చెప్పన్నా. టైము అయితాండాది."

"నేను పొద్దున్నే చెప్పినా. అమ్మ చెప్తేనే రాయి. లేదంటే కథ పంపొద్దు."

"పంపకుంటే ఏమప్పా, నీ కథ లేదని ఊర్లో పొయ్యిలు ముట్టించరా?" అంది అమ్మ.

అన్న నవ్వాడు. "చెప్పనిదానివి గింజ ఎందుకు ఏసినావు?"

"నువ్వు చెప్పినావు, ఏసినా. అది నా పని. ఊరందరికీ చెప్పేది నా పని కాదు."

ఇంతలో అన్నను పక్కకు తిప్పే వేళయింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. ఇద్దరం కలిసి గోడ వైపు తిప్పాం. అన్నకు తన ముఖం కనపడని చోట నిలబడి, అమ్మ నెమ్మదిగా అప్పజెప్పింది.

"'నన్ను తిప్పి పండబెట్టినాక మా అమ్మ నడుము పట్టుకొని ఏడుస్తుంటే, నేను నిద్రపోయినట్టు కండ్లు మూసుకుంటాను.' రాసుకో."

రాశాను. అమ్మ ఆ గింజ తీసి విత్తనాల్లో కలిపింది. కూర్చుని మళ్లీ కాయ చేతికి తీసుకుంది.

"నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు లేరా."

అన్న గోడ వైపే చూస్తూ అన్నాడు.

"దానికీ ఒక గింజ పెట్టమ్మా."

ఒలిచిన గింజను అమ్మ కాసేపు అరచేతిలోనే ఉంచుకుంది. తర్వాత గిన్నెలో వేసింది.

ఆరుకు ఇంకా పది నిమిషాలుంది. పదిహేనో వాక్యం అమ్మ అన్నది అన్నట్టే రాసి పంపాను.