నిట్టనిలువుగా నమిలే మనిషి

గట్టి వస్తువు తాను మన్నడమే కాక, తనను ఆశ్రయించినదానిని కూడా కాపాడుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఉత్తర స్వీడన్‌లోని ఆ దంతవైద్య కళాశాలలో ఈ నమ్మకానికి ప్రధాన పూజారి ప్రొఫెసర్ అర్విడ్. ఆ చలికాలం అతని కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, పైభాగం విరిగి, మొండి వేరు మిగిలింది. ఆ వైపు నమలడానికి అతనికున్నది అదొక్కటే. వేరులోకి కడ్డీ దించి, పైన తొడుగు అమర్చాలి. ఉక్కు కడ్డీయా, సన్నని గాజు పోగులతో చేసిన గాజునార కడ్డీయా అన్నదే ప్రశ్న.

కంప్యూటరు ఉక్కే అన్నది. అనక ఏం చేస్తుంది? పంటి నమూనాను వేల ముక్కలుగా విడగొట్టి, దాని నెత్తిన బరువును దారానికి కట్టిన గుండులా నిట్టనిలువుగా దించడం ఆ విభాగపు ఆచారం. అలాగైతే లెక్క కాఫీవేళకు ముందే తెములుతుంది. తెరమీద పన్నంతా నీలంగా, అంటే నిశ్చింతగా, మెరిసింది. అర్విడ్ ఆ బొమ్మను రంగుల్లో అచ్చువేయించి గోడకు తగిలించాడు.

లెక్కలు నడిపే సిగ్రిద్ కాఫీ బల్ల దగ్గర ఏలకుల బన్ను తుంచుతూ మాట కదిపింది.

“అర్విడ్, నమిలేటప్పుడు నీ దవడ పక్కకు పోదా?”

“అందరికీ పోతుంది. అయితే?”

“నీ నమూనాలో పోలేదు. బరువును కాస్త వాల్చి మళ్లీ లెక్కకట్టాను. ఉక్కు కడ్డీకేం కాలేదు. దాని కొన దగ్గర వేరు మాత్రం ఎర్రగా మండిపోతోంది. గాజునారైతే పంటితోపాటు వంగుతోంది.”

“వంగేదాన్ని నమ్మమంటావా?”

“విరిగితే కడ్డీ విరగనీ, ఇంకోటి పెట్టొచ్చు. వేరు మళ్లీ మొలుస్తుందా?”

“ఏళ్ల తరబడి అందరం నిలువుగానే దించుతున్నాం. అందరిదీ తప్పేనా?”

“అందరూ ఒకళ్ల ఫైలే కాపీ కొట్టుకుంటే ఒక్క తప్పు చాలు.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తమ కప్పుల్లోకి చూసుకున్నారు. అక్కడ ఎవరూ కాదనకపోతే అదే తీర్మానం. ఎవరినీ నొప్పించని అభిప్రాయమే శాస్త్రం.

మర్నాడే అర్విడ్ ఉక్కు కడ్డీ దింపించుకున్నాడు.

“చూస్తుండు,” అన్నాడు సిగ్రిద్‌తో, మొద్దుబారిన పెదవితో.

“పన్ను నీది, నాకేం? కాస్త నిలువుగా నములు మరి,” అందామె.

మంచు కరిగే రోజుల్లో, ఉడికిన బంగాళాదుంప నములుతుండగా అతని పన్ను కలుక్కుమంది. ఎక్స్‌రే తీశారు. కడ్డీ వంగలేదు. తొడుగు బీటలివ్వలేదు. వేరు కడ్డీ కొన నుంచి కిందివరకు చీలింది. మూడింటినీ కలిపి పీకేశారు.