కుంగని కమాను

మా పికప్పుకు వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టలో ఒక్కో పక్క రెండేసి ఇనుప పట్టీలు ఎక్కువ వేయించినప్పుడు, అన్న ముకేష్ దాన్ని మా ఊరు గొల్లపల్లి అంతా తిప్పి చూపించాడు. వెనక భాగం నాలుగు వేళ్లు పైకి లేచింది. ఇరవై అయిదు బస్తాల చింతపండు వేసినా కుంగలేదు. అన్న బండి నేర్చుకున్నది పాత జీపు మీద. దానికి ఎన్ని పట్టీలు వేసినా ఏమీ అయ్యేది కాదు. గుంతల దారిలో బాడీ నేలకు తగలకుండా ఉండేది. అందుకే మా వైపు ఎవరు బండి కొన్నా ముందు చేయించే పని అదే.

ఆ తర్వాతి అంగడి రోజే వాగు దిగుడులో బండి ఆగలేదు. అన్న బ్రేకు తొక్కిపట్టినా జారుతూ పోయి నీళ్లలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వెనక బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ దిగి, తడిసిన చీరలతో మిగిలిన దారంతా నడిచి వెళ్లారు. చింతపండు కొట్టే ఆడవాళ్లందరికీ పెద్ద మా అత్త, పేరు కోసే. వచ్చే అంగడికి ట్రాక్టర్ మాట్లాడుకుంటామని, మా బండి ఇక ఎక్కేది లేదని ఆమె మా ఇంటి ముందు నిలబడి చెప్పి వెళ్లింది. ఈ చింతపండు కాలం దాటితే మళ్లీ మా బండికి చెప్పుకోదగ్గ పని ఉండదు.

అన్న కోంటా మెకానిక్ దగ్గర బ్రేకు లైనర్లు మార్పించాడు. పైపుల్లో గాలి తీయించాడు. ఖాళీ బండిని రోడ్డు మీద పరుగెత్తించి చూస్తే తొక్కినచోటే ఆగింది. ఇంటికొచ్చి బస్తాలు వేసి చూస్తే మళ్లీ అదే జారుడు.

బండి కడగడం, ఇంజనాయిలు చూడడం, చక్రాల నట్లు బిగించడం రెండేళ్లుగా నా పనే. నాకు పోయిన ఏడు లైసెన్సు వచ్చింది కానీ, ఊరు దాటాక అన్న చెల్లెలి చేతికి స్టీరింగు ఇవ్వడు. గ్రీజు పెట్టడానికి కింద దూరినప్పుడల్లా ఒక సన్న కడ్డీ కనిపించేది. దాని ఒక కొస వెనక ఇరుసుకు, రెండో కొస బ్రేకు పైపులు వచ్చి కలిసే చిన్న డబ్బాకు ఉంటుంది. ఇదివరకు బస్తాలు వేసి బండి కుంగితే ఆ కడ్డీకి ఇరుసు వైపు కొస పైకి లేచేది. ఇప్పుడు నిండు బండి కింద పడుకుని చూశాను. ఖాళీ బండిలో ఉన్నట్టే కిందికి వేలాడుతోంది. బండితో వచ్చిన హిందీ పుస్తకం తీసి ఆ కడ్డీ గురించి ఉన్న పేజీ రెండుసార్లు చదివాను. తర్వాత అన్న దగ్గరికి వెళ్లాను.

"బ్రేకు చెడలేదన్నా. బండి ఖాళీగ ఉన్నదని అనుకుంటున్నది."

"ఇరవై అయిదు బస్తాలు ఎక్కినంక ఖాళీ ఏందే, పొజ్జే?"

"బండి కుంగితేనే ఆ కడ్డీ లేస్తది. కడ్డీ లేస్తేనే వెనక బ్రేకుకు బలం పోతది. నువ్వు కుంగకుంట చేసినవ్. పాత జీపుకు ఈ కడ్డీ లేకుండె."

ఏడేళ్లు నడిపిన తనకు రెండేళ్లు తుడిచిన నేను చెప్పడమేమిటని అన్న అన్నాడు. పుస్తకం అతని ఒళ్లో పెట్టి మళ్లీ బండి కిందికి వెళ్లాను. కొంతసేపటికి అతనూ వచ్చి నా పక్కన వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు ఆ కడ్డీనే చూశాడు. కడ్డీని వంచి పైకి కడదామా అన్నాడు. అలా కడితే ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుతుందని పుస్తకంలోనే ఉంది. ఎక్కువ వేసిన పట్టీలు తీసేద్దామని, బస్తాలు తగ్గించి రెండుసార్లు తిరుగుదామని చెప్పాను.

జాకీలు పెట్టి రెండు పక్కలా పట్టీలు ఊడదీసి, కట్ట మళ్లీ బిగించేసరికి ఒక పగలు పట్టింది. పద్నాలుగు బస్తాలు వేస్తే బండి కుంగింది. కడ్డీ లేచింది.

కోసే అత్తకు పుస్తకం అక్కర్లేదు. కావడి బద్ద వంగితేనే భుజానికి బరువు తెలుస్తుంది కదా, బండికీ అంతేనని మా దోర్లీ భాషలో చెప్పాను. ఆమె అన్న వైపు తిరిగింది.

"అయితే బండికి భుజం లేకుంట చేసినవా అల్లుడా?"

అన్న తల గోక్కున్నాడు.

అయినా ఆమె ఊరికే నమ్మలేదు. వాగు దగ్గరికి వచ్చి, దిగుడు సగంలో కర్రతో అడ్డంగా గీత గీసింది. తాను చెయ్యెత్తాకే బ్రేకు తొక్కాలని, అప్పుడు చక్రం గీత దాటితే ట్రాక్టరేనని అంది. అన్న తాళంచెవి వేలికి తిప్పుతూ ఒక్క క్షణం ఆగి, నా చేతిలో పెట్టాడు.

బస్తాలతో దిగుడు మొదలుపెట్టాను. కోసే అత్త పక్కకు జరిగి చెయ్యెత్తింది. బ్రేకు తొక్కాను. వెనక చక్రాలు నేలను పట్టుకున్నట్టు తెలిసింది. దిగి చూస్తే గీతకు ఇవతల జానెడు నేల మిగిలి ఉంది.

ఆమె వంగి ఆ జానెడూ కొలిచింది. ఒడ్డు మీద ఉన్న ఆడవాళ్లను కేకేసి రమ్మంది. తర్వాత ముందు తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది.

"ముకేష్, నువ్వు పోయి బస్తాల మీద కూసో. పిల్ల నడుపుతది."