అరిగిన ముక్క

ఆ ఉదయం ఆకాశం సీసం రేకులా కిందికి వంగి కొండల మీద ఆనుకుని ఉంది. వాన రాలేదు, వెలుగూ రాలేదు. మా దీవి దక్షిణపు కొసన ఉన్న ఈ డోవర్ రేవులో దక్షిణపు గాలి.

నా పడవ ఒడ్డునే ఉంది. మంగళవారం పెద్ద రొయ్యల వేట మొదలు. ఇంజనుకు చన్నీళ్లు తోడే పంపులో రబ్బరు చక్రం రెక్కలు ఊడిపోయాయి. అది లేకపోతే ఇంజను పది నిమిషాలు నడవదు. మొదటి వారం పోతే ఏడాదిలో సగం పోయినట్టే.

అథోల్ నడిపే పడవ సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టుకు అది ఆఖరి రోజు. తాళ్ల చుట్టలు వేలాడిన చోట గోడ మీద తెల్లటి గుండ్రాలు మిగిలాయి.

అక్కడ నోటితో అడిగే అలవాటు లేదు. అరిగిన ముక్కను కౌంటర్ మీద పెడతాం. అథోల్ తిప్పి చూసి, ఏ పడవదో చెప్పి, లోపల్నుంచి కొత్తది తెస్తాడు. మా నాన్నా అలాగే చేసేవాడు. దీవుల్లో వాళ్లు ముక్కను పోస్టులో పంపేవాళ్లు. వచ్చే పడవకు కొత్తది చేరేది. నాకు ఈనాటికీ చాలా ముక్కల పేర్లు తెలియవు.

రెండేళ్లుగా నేను ఫోనులో తెప్పించుకుంటున్నాను. ఈ చక్రమూ తెప్పించాను. నా ఇంజను అంగుళాల కొలతది, వచ్చింది మిల్లీమీటర్లది. ఇరుసు మీద ఊరికే జారుతోంది.

పాతది కౌంటర్ మీద పెట్టబోతే జేబులోంచి ఆ కొత్తదాని సంచీ కూడా బయటపడింది. అథోల్ చూశాడు.

"ఎవరమ్మారు నీకు?"

"ఫోను."

"ఫోనుకు నీ పడవ తెలుసేంట్రా క్లెమ్?"

"తెలీదు."

"నాకు తెలుసు కదా. ఆ పంపు బిగించింది నేనే."

అతను లోపలికి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు.

"లేదు. మొన్న కొట్టు సామాను వేలంలో పెట్టెలకి పెట్టెలు పట్టుకుపోయారు. వేటకి కాదులే. హోటలు గోడకి అలంకారమట."

వెనక కప్పులు కాగితాల్లో చుడుతున్న అతని భార్య నెరిడా తలెత్తకుండానే అంది: "మిల్లీలో ఉందిగా."

మిల్లీ అథోల్ పడవ. కొట్టు వెనక దిమ్మల మీద ఉంటుంది. నా పడవలో ఉన్నలాంటి ఇంజనే అందులోనూ. కొట్టు మూశాక నెరిడాను ఎక్కించుకుని బ్రూనీ దీవి చుట్టి వస్తానని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాడు.

"వద్దు. నువ్వు వెళ్తానన్నావుగా," అన్నాను.

"నేనన్నాను. నా మోకాళ్లు అన్నాయా?"

పానా తీసుకుని వెళ్లాడు. నేను వెనకే వెళ్లి టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నాను. నాలుగు మరలు విప్పి చక్రం ఊడదీశాడు. రెక్కలు నల్లగా, కొత్తవాటిలా ఉన్నాయి. నా అరచేతిలో పెట్టాడు. తర్వాత నా అరిగినదాన్ని మిల్లీ పంపులో పెట్టి మళ్లీ మూత బిగించాడు.

"అది పనిచెయ్యదు కదా," అన్నాను.

"తెలుసు. ఖాళీగా ఎందుకు?"

నాకేదో అనిపించాలి. అనిపించలేదు. చేతికి గ్రీజు అంటింది, అంతే.

లోపలికి వచ్చేసరికి నెరిడా స్కాలప్ గుల్లల మాంసం కూరి కాల్చిన రొట్టెను మూడు ముక్కలు కోసి కౌంటర్ మీద పెట్టింది. అరిగిన ముక్కలు పెట్టే చోటే. పళ్లేలు అప్పటికే పెట్టెల్లోకి వెళ్లాయి. చుట్టే కాగితాల మీదే పెట్టుకుని, ముగ్గురం నిలబడి తిన్నాం.