అసిరమ్మ సర్వీసు

ఆరింటికి ఉక్కు ఫ్యాక్టరీ సైరను మోగేసరికి అసిరమ్మ తలకి కొబ్బరినూనె రాసుకుని, ముడి బిగించి, గోల్‌మురి మార్కెట్ వెనకున్న ఆసుపత్రికి నడిచి వెళ్ళేది. ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళకి ఆమె దగ్గరికి రాగానే వరసగా మూడు తుమ్ములు వచ్చేవి. ముందు టీకొట్టు దగ్గర, తర్వాత సైకిళ్ళ మీద డ్యూటీకి పోయే కుర్రాళ్ళలో. పెళ్ళిచూపులకి బయల్దేరుతూ ఎవడైనా తుమ్మినా పెద్దవాళ్ళు ఆగేవారు కాదు. "అపశకునం కాదర్రా, అసిరమ్మ వత్తంది" అని చెప్పులేసుకునేవారు. ఎంత మంచి రోజులవి!

ఆసుపత్రిలో మాత్రం ఆమె రోజుకూలీ ఆయాయే. తుమ్మితే ఊడిపోయే ముక్కులాంటి ఉద్యోగం. ఎనభై మూడులో గోడకి ఒక కాగితం అంటించారు. సర్టిఫికెట్ ఉన్న ఆయాలకి గ్రేడు జీతం, పర్మనెంటు. లేనివాళ్ళు పదిహేనేళ్ళ సర్వీసు చూపిస్తే వాళ్ళకీ అంతే. ఆర్నెల్ల కోర్సు చేసొచ్చిన గౌరీదేవికి బొడ్డు కట్టడం నేర్పింది అసిరమ్మే. ఆ పిల్లకి అప్పటికే మూడింతల జీతం.

అసిరమ్మ చేసింది ఇరవై ఎనిమిదేళ్ళు. రిజిస్టర్లో తన పేరున ఉన్నవి అయిదు. మొదట్లో వదిన పోలమ్మకి జబ్బు చేస్తే, ఆమె గేటుపాసు పట్టుకుని పదిరోజులు ఆమె బదులు పనికి వచ్చింది. ఒకరి పాసు మీద ఇంకొకరు చెయ్యడం మనవాళ్ళకి మామూలే. వదిన ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. అయిదేళ్ళ కిందట కూలీల కంట్రాక్టరు మారి పేరు సరిచేసేదాకా రిజిస్టర్లో అసిరమ్మ పోలమ్మే. ఈసారి గ్రేడు తప్పితే ఇక చచ్చేదాకా కూలీయే.

ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు కొత్తగా వచ్చాడు. పేరు బంగారురాజు. ఈ ఊరి కద్మా పేటలో పెరిగిన తెలుగు కుర్రాడే గాని మాటంతా హిందీలోనే. అసిరమ్మ గుమ్మంలో కాలు పెట్టగానే వరసగా మూడుసార్లు తుమ్మాడు.

"ఆప్ భీ, సార్?" అని, మీరూనా అన్నట్టు గుమస్తా ఫైలు వెనక నవ్వుకున్నాడు.

బంగారురాజు ముక్కు తుడుచుకున్నాడు. "సర్టిఫికెట్ హై?"

"నేదు బాబూ."

"ఔర్ సబూత్?"

పదిహేనేళ్ళకి రుజువు అడుగుతున్నాడని ఆమెకి తెలుసు. "పుస్తకంలో మా వదిన పేరుంది. సేసిందంతా నానే. పదిరోజులే కదా అనుకున్నాను. తప్పే బాబూ." రెండు చేతులూ ముందుకు చాపింది. "ఈ సేతులు తప్ప నా కాడ ఏటీ నేదు."

అతను ఆ చేతులకేసి చూశాడు. ఇంట్లో మాట్లాడే భాషలోకి వచ్చేశాడు.

"మా అమ్మ పేరు నూకాలమ్మ."

"ఓలమ్మా, నువ్వా! ఈ ఆసుపత్రిలోనే కాళ్ళు ముందరొచ్చినావు నాయనా. మీ అమ్మ శానా కట్టపడిపోనాది."

బంగారురాజు పెన్ను తీసి, 'సర్వీసులో చేరిన తేదీ' అన్న గడిలో 4-8-1957 అని రాశాడు.

గుమస్తా కూడా తెలుగులోకి దిగి తల గోక్కున్నాడు. "దీనికి కాగితం ఏది పెట్టమంటారు సార్?"

"నా బర్త్ సర్టిఫికెట్ తెచ్చిత్తాను. ఈవిడ ఫైల్లో పెట్టీ."