నాగేశ్వరి పెట్టిన మాట

చచ్చిపోయిన నాగేశ్వరిని ఆ ఆఫీసు రెండోసారి చంపింది. ఇందులో అచ్యుతరామయ్యకు అనుమానమేమీ లేదు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ సినిమా కంపెనీలో ఈమెయిల్ సర్వర్ చూసేది అతను. స్క్రిప్టులు టైపు చేసింది, బతికున్నన్నాళ్ళూ, అతని భార్య నాగేశ్వరి. ఆ కంపెనీలో పాస్‌వర్డుకూ ముహూర్తం ఉండేది. కొత్త సినిమా పూజ రోజున స్క్రిప్టుల మెయిలుకు నాగేశ్వరి చేతే కొత్త మాట పెట్టించేవాళ్ళు. ఆమె చెయ్యి మంచిదని నిర్మాత నమ్మకం. ఆమె పోయాక ఎన్ని పూజలు జరిగినా అచ్యుతరామయ్య ఆ మాటను మారనివ్వలేదు. రోజూ యూసుఫ్‌గూడ నుంచి వచ్చి, మెడ మీద చెమట ఆరకముందే, వంకరపోయిన రెండు వేళ్ళతో ఆ మాటే కొట్టేవాడు. మెయిలు తెరుచుకునేది. ఆమె చేసినవాటిలో ఇంకా పనిచేస్తున్నది అదొక్కటే.

ఎవరి పాస్‌వర్డు వాళ్ళే మార్చుకునే పేజీ పెట్టమని మేనేజరు క్రాంతికుమార్ హుకుం జారీ చేశాడు. నిన్న సాయంత్రం అచ్యుతరామయ్యే పెట్టాడు. స్క్రిప్టుల మెయిలు జోలికి ఎవరూ పోరనుకున్నాడు.

ఈ పొద్దున మాట కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాడు.

"నేనే మార్చానండీ," అంది నాగేశ్వరి సీట్లోకి వచ్చిన లాస్య. "ఇవాళ కింద పూజ కదండీ. పూజ రోజు మార్చాలట కదా. మీకు శ్రమెందుకని..."

"నిన్నెవరు మార్చమన్నారు?"

ఆ గొంతుకు బెదిరి ఆ పిల్ల గబగబా పాత మాటే మళ్ళీ పెట్టబోయింది. ఒకసారి వాడింది చెల్లదంది పేజీ.

క్రాంతికుమార్ వచ్చి నవ్వాడు. "ఏంది సార్, గింత దానికే గరం అయితరు? ఆ రూల్ పెట్టింది మీరే కదా. జర తీసెయ్యుండ్రి, పాతదే పెట్టుకుందురు."

"తీస్తే పాత మాట వస్తుంది. నాగేశ్వరి పెట్టింది వస్తుందా?"

"ఎవరు కొట్టిండ్రో కంప్యూటర్‌కేం ఎరుక సార్?"

అచ్యుతరామయ్య సర్వర్ పాస్‌వర్డు ఒక చీటీ మీద గీకి, ఆ నవ్వు ముందు పడేసి లేచాడు. మెట్లు దిగుతుంటే కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. ఎవరో ప్రసాదం అందించబోయారు. అతను చెయ్యి పట్టలేదు.

మర్నాడు లాస్య ఫోన్ చేసింది. "మీ స్వెటర్ ఇక్కడే ఉండిపోయిందండీ. సారీ అండీ, నిన్నటి సంగతి..."

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

ఆ తర్వాత అతను మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. ఏసీ చలికి వేసుకునే బూడిదరంగు స్వెటర్, మోచేతుల దగ్గర నూలు తేలి, అక్కడ అతని కుర్చీ వీపునే వేలాడుతోంది.