కుడి చేతి రక్తం

రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవంటారు. ఓర్వకల్లు అవతలి పల్లెలో గిడ్డమ్మ, శివజ్యోతి ఆ మాటను మూడేండ్లుగా అబద్ధం చేస్తూ వచ్చారు. పెద్దకోడలు గిడ్డమ్మకు పిల్లల్లేరు. చిన్నకోడలినే కూతురిలా చూసుకుంది, తిట్టడంతో సహా.

పోయిన ఏడు డెంగీ మీద పరిశోధన చేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. ఎవరి ఒంట్లో పాత డెంగీ ఆనవాళ్ళు ఉన్నాయో చూడాలని పేర్లు రాసుకుని, బడిలో రక్తం తీశారు. శివజ్యోతి అప్పుడు ఇరవై రోజుల బాలింత. బాలింత రక్తం తీస్తే పాలు ఎండిపోతాయని గిడ్డమ్మ నమ్మకం. పొద్దున ఎడమ చెయ్యి చాపి తన పేరు చెప్పింది. మధ్యాహ్నం ఇంకో నర్సు ముందు కుడి చెయ్యి చాపి శివజ్యోతి పేరు చెప్పింది. ‘మా చెల్లెలు ఇవ్వదు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం ఆమెకు మామూలే.

ఈ వానల్లో శివజ్యోతికి జ్వరం పట్టింది. మూడో రోజు గిడ్డమ్మ ఆమెను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది. డెంగీ అన్నారు. మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి. డాక్టరు అరుణ్ కుమార్ కంప్యూటర్లో ఆ పాత పరీక్ష వివరాలు చూశాడు.

“పోయిన ఏడు ఈమె రక్తంలో పాత డెంగీ ఆనవాళ్ళు లేవు, ఇదే మొదటిసారమ్మా. రెండోసారి వచ్చినవాళ్ళకే భయమెక్కువ. మొదటిసారి ఒంట్లో పుట్టిన కాపలానే అప్పుడు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఇంటికి పోయి నీళ్ళు బాగా తాగించండి, రేపు మళ్ళీ చూపించండి.”

శివజ్యోతి సంతోషంగా చెప్పులు వెతుక్కుంది. చెబితే గిడ్డమ్మ ఇంతమందిలో దొంగవుతుంది. చెప్పకపోతే పిల్ల ఇంటికి పోతుంది.

“సార్, ఆ రగతం ఈమెది కాదు. నాది.”

డాక్టరు తలెత్తాడు. శివజ్యోతి కూడా.

“అప్పుడు ఈమె బాలింత సార్. పాలు ఎండిపోతాయని నేనే చెయ్యి సాపినా. అనేదుంటే నన్ననండి. ఈమెను మాత్రం ఇంటికి పంపాకండి.”

అరుణ్ కుమార్ అప్పటికప్పుడు శివజ్యోతి రక్తం మళ్ళీ తీయించాడు. ఆమెకు ఎప్పుడో, తనకు తెలియకుండానే, ఒకసారి డెంగీ వచ్చి పోయిందని తేలింది. ఆమెను ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు.

ఐదో రోజు జ్వరం దిగింది. దాంతోపాటే కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, బీపీ పడిపోయింది. నర్సు పక్కనే ఉంది కాబట్టి వెంటనే సెలైన్ ఎక్కించారు. ఇంట్లో ఉండుంటే జ్వరం తగ్గిందని సంబరపడి దుప్పటి కప్పి పడుకోబెట్టేవాళ్ళు. అది తలుచుకుని గిడ్డమ్మ వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటికి పంపే రోజు పరిశోధన నర్సు అంజలి వచ్చింది. పాత తప్పు దిద్దాలని చెప్పి, ఇష్టమైతేనే రక్తం ఇమ్మని శివజ్యోతిని అడిగింది. శివజ్యోతి సరేనంది.

సూది కనపడగానే గిడ్డమ్మ తనకు తెలియకుండానే కుడి చేతి గాజులు పైకి తోసుకుంది. శివజ్యోతి ఆ చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“ఈ పొద్దు నాది నేనే ఇస్తా అక్కా. నువ్వు ఈడ కూసోని నా చెయ్యి పట్టుకో, సాలు.”