అడగని టికెట్

కండక్టరమ్మ ఏ రసీదునైనా కింది నుంచి పైకి చదువుతుంది. ముప్ఫై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. కాగితం అడుగునే నిజం కూర్చుంటుందని ఆమెకు తెలుసు. అద్దె కారు రసీదు చేతిలో పడగానే కళ్ళు అడుగు వరుస మీద వాలాయి, అక్కడే ఆగిపోయాయి.

‘సంపూర్ణ రక్షణ, మూడు రోజులు.’ ఎదురుగా ఉన్న అంకె కారు అద్దెలో సగముంది.

ఆమె యార్డులోకి వెళ్ళి సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, కారు చుట్టూ తిరిగి పాత గీతలన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసుకుని వచ్చేలోపు ఈ వరుస పుట్టింది. ఆ కాసేపూ కౌంటరు ముందు కుర్చీలో ఉన్నది ఆమె మొగుడే. ఒకే బస్సుకు ఆయన డ్రైవరు, ఆమె కండక్టరు. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగు జోలికి పోవద్దని డాక్టరు ఆయనకి గట్టిగా చెప్పాడు. ఆమె రిటైరవగానే డ్రైవింగ్ స్కూల్లో చేరి, తన వయసులో మూడోవంతు లేని పిల్లల మధ్య కూర్చుని లైసెన్సు సంపాదించింది.

“ఈ వయసులో ఎందుకక్కా? మనవల చెయ్యి పట్టుకుని నడువు చాలు,” అని తమ్ముడు ఎగతాళి చేశాడు. ఇప్పుడు ఆ తమ్ముడు పెట్టిన కోళ్ళఫారం చూడ్డానికే ప్రయాణం. వాడి గుమ్మం ముందు స్టీరింగు సీట్లోంచి దిగాలన్నది ఆమె పంతం.

“ఏమ్మాయ్, ఇదేంటి?” అంది కౌంటరు పిల్లతో.

“మీ మంచికే ఆంటీ. కారుకి చిన్న గీత పడినా మీరు పైసా కట్టక్కర్లేదు. నిశ్చింతగా తిరిగి రావచ్చు.”

“మామూలు ఇన్సూరెన్సు అద్దెలోనే ఉందిగా? పైన రాశారు.”

“ఉందనుకోండి. కానీ సొట్టలూ గీతలూ పడితే డిపాజిట్లోంచి కోస్తారు.”

“పడితే కొయ్యండి, కాదన్నానా? పడకముందే కోస్తారేం? ఎక్కినవాణ్ణి ఎక్కడ దిగుతావని అడక్కుండా నేనేనాడూ టికెట్ కొట్టలేదు. నన్నడక్కుండా నువ్వెలా కొట్టావు?”

ఆ పిల్ల కళ్ళు మెల్లగా పక్కకి జరిగాయి. ఆ చూపు వెంబడే కండక్టరమ్మ తల తిప్పింది. తేలు కుట్టిన దొంగలా ఆమె మొగుడు గోడకున్న అగ్నిమాపక సిలిండర్ మీది సూచనలు మహా శ్రద్ధగా చదువుతున్నాడు.

“ఏమండీ.”

“మూడు రోజులే కదే. ఎందుకైనా మంచిదని...”

“ఎందుకైనా అంటే ఎందుకు?”

“రోడ్డు మీద అందరూ నీలాగే ఉంటారా? ఎవడో వచ్చి గుద్దుతాడు.”

“ఎవడో గుద్దే సంగతి పై వరుసలో ఉంది. ఈ కింది వరుస, నేను గుద్దితే. మీరు కొన్నది దాన్ని.”

డబ్బు పోతే పోయింది, అంతకంటే పెద్దవే చూసింది ఆమె. కానీ ఈ కాగితం మూడు రోజులూ కారులో తన పక్కనే కూర్చుంటుంది. ‘నీ చేతిమీద నీ మొగుడికే నమ్మకం లేదు’ అని మలుపు మలుపుకీ గుర్తుచేస్తుంది. తమ్ముడు అడగనే అడుగుతాడు, “బావా, ధైర్యంగానే వచ్చావే!” అని. ఈయనేమో “పూర్తి ఇన్సూరెన్సు చేయించానులే” అంటాడు. ఇద్దరూ పళ్ళికిలిస్తారు.

“తీసెయ్యమ్మా దాన్ని.”

“ఒప్పుకున్నవాళ్ళే సంతకం పెట్టాలి ఆంటీ. ఒప్పుకుంది అంకుల్.” ఆ పిల్ల రద్దు చీటీ ఒకటి ఆయన ముందుకు తోసింది.

ఆయన పెన్ను తీసుకున్నాడు, మూత తియ్యలేదు. “ఒక పని చేద్దాం. ముందు యార్డులో ఓ చుట్టు తిప్పి చూపించు. చూసి పెడతాను.”

“చూపించను,” అంది కండక్టరమ్మ. గొంతు పెంచలేదు. “పరీక్ష ఒకసారి రాశాను, పాసయ్యాను. మీరు డ్యూటీలో చేరిన మొదటిరోజు ఓ చుట్టు తిప్పి చూపించమన్నానా మిమ్మల్ని? అరవైమందిని ఎక్కించి, తలుపేసి, రైట్ అన్నాను.”

వెనక వరుసలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకాయన విసుక్కున్నాడు. “తొందరగా తేల్చండమ్మా.”

“కాస్త ఆగు నాయనా. పెద్ద బండి, మలుపు తిరగడానికి టైము పడుతుంది.”

కౌంటరు పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. డ్రైవరు నవ్వలేదు. పెన్ను మూతని తిప్పుతూ చిన్నగా అన్నాడు:

“భయం నీ మీద కాదే. అటుపక్క సీట్లో నా కాలికింద బ్రేకుండదు. ఇన్నేళ్ళొచ్చినా ఊరికే కూర్చోవడం నాకు రాదు.”

ఈ మాట కండక్టరమ్మ ఊహించలేదు. కోపం దిగిపోయింది గానీ పట్టు దిగలేదు.

“నేను నేర్పుతాను. పెద్ద విద్యేం కాదు. ముందుకు చూస్తూ, తోలేవాణ్ణి తోలనివ్వడమే. ముప్ఫై ఏళ్ళూ మీ వెనక నేను చేసిందదే.”

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. మూత తీసి, అక్షరం అక్షరం విడిగా కనబడేలా సంతకం పెట్టాడు.

“చింపెయ్యమ్మా పాతదాన్ని,” అన్నాడు ఆ పిల్లతో. “మా ఆవిడ తోలుతుంది.”

కారు గేటు దాటి రోడ్డెక్కింది. సందులోంచి ఒక లారీ ముక్కు బయటపెట్టింది. ఆయన కుడికాలు కారు చాపని అదిమింది. “లారీ...”

“కనబడింది.” ఆమె మెల్లగా బ్రేకు వేసి, దాన్ని పోనిచ్చి, కదిలింది.

మొదటి సిగ్నల్ దగ్గర ఆ కాలు మళ్ళీ చాపని అదిమింది. రెండో దగ్గర కొంచెమే కదిలింది. ఊరు దాటి రోడ్డు సాఫీ అయ్యాక, డ్రైవరు చెప్పులు విడిచి రెండు కాళ్ళూ సీటు మీద బాసింపట్టు వేసుకుని, కిటికీలోంచి పొలాలు చూడసాగాడు.